పీతలు నడిచిన గుడి

మా వైపు క్రైస్తవులు చర్చికి వెళ్తున్నామని అనరు, గుడికి వెళ్తున్నామంటారు. ఏ గుడి అని అడిగితే లూథరన్ గుడి, ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) గుడి, బాప్టిస్టు గుడి అని విడదీసి చెబుతారు. కాలేజీ చదువుకు గుంటూరు వెళ్లినప్పుడు హాస్టల్లో ఒక స్నేహితురాలు "ఆదివారం పొద్దున్నే గుడేమిటే?" అని ఆశ్చర్యపోయింది. ఆ మాటలో వింత ఉందని నాకు అప్పటిదాకా తోచలేదు.

మాది రేపల్లె వైపు, కృష్ణా పడమటి డెల్టాలో వరి పండే ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరికి తూర్పున కాలవ దాటాక ఉన్న పల్లె. పల్లె మధ్యలో మా లూథరన్ గుడి. మందపాటి గోడలు, టేకు దూలాల మీద సున్నపు మిద్దె, ముందు వసారా, వేపచెట్టుకు వేలాడే గంట. అంతకు ముందు అదే చోట తాటాకు పాక ఉండేదట. సోమవారం నుంచి శనివారం దాకా అది బడి, ఆదివారం గుడి. మా తాత ఆ పాకలో ఆరు రోజులు పంతులు, ఏడో రోజు ఉపదేశి. జీతం మాత్రం ఒకటే.

నాయనమ్మ బైబిలు స్త్రీ. ఈ తరం వాళ్లకు ఈ ఉద్యోగం తెలియకపోవచ్చు. తెల్ల చీర, నల్ల గొడుగు, చంకలో గుడ్డ సంచి. సంచిలో సువార్త ప్రతులు, పలక, బలపాలు. ఊళ్లో గడప దాటని ఆడవాళ్లకు వసారాలో కూర్చుని అక్షరాలు నేర్పించడం, వింటామంటే ఒక కథ చెప్పడం, వినమంటే పిల్లల జ్వరాల సంగతి కనుక్కుని రావడం ఆమె పని. కొన్ని ఇళ్లలో ఆమె కూర్చోవడానికి వేరే పీట ఉండేది. ఆమె లేచి వచ్చాక దాని మీద నీళ్లు చల్లేవారు. ఆ సంగతి ఆమే నవ్వుతూ చెప్పేది. "మనలోని పాత మనిషి బాప్తిస్మపు నీళ్లలో రోజూ మునిగి చావాలని లూథరుగారు రాశారు. నాకు తీరిక ఉండదని కాబోలు, ఆ ముచ్చట నా పీటకు వాళ్లే జరిపిస్తున్నారు" అనేది. నవ్వే ముందు క్షణం ఆగేది. ఆ ఆగడం చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

మా సంఘం నమ్మేదేమిటో నాకు ఏ ప్రసంగం ద్వారానూ తెలియలేదు. నాయనమ్మ చేతిలోని చిన్న ప్రశ్నోత్తరి వల్ల తెలిసింది. 1529లో లూథరు, మా సంఘానికి పేరిచ్చిన జర్మనీ సంస్కర్త, ఇళ్లలో తల్లిదండ్రులు పిల్లలకు చెప్పుకోవడానికి రాసిన పుస్తకం అది. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, రొట్టె ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల. ఒక్కొక్క వాక్యం అయ్యాక ఒకే ప్రశ్న వస్తుంది: దీనికి అర్థమేమి? పుస్తకం నిండా ఆ ప్రశ్నే. నాయనమ్మకు అది అలవాటైపోయి వంటింట్లో కూడా వాడేది. చారు పలచగా ఉంటే మా అమ్మను చూసి "దీనికి అర్థమేమి?" అనేది.

విశ్వాస ప్రమాణంలో మొదటి భాగానికి ఇచ్చిన వివరణ మాకు కంఠతా రావాలి. శరీరం, ప్రాణం, కళ్లు, చెవులు, బట్టలు, చెప్పులు, అన్నం, నీళ్లు, ఇల్లు, పొలం, పశువులు, ఇవన్నీ నాలో ఏ యోగ్యతా చూడకుండానే దేవుడు నాకు ఇచ్చాడని దాని సారం. చెప్పుల్లేని పిల్లలం పదిహేను మందిమి చాప మీద కూర్చుని చెప్పులు ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పేవాళ్లం. ఒకసారి మా అన్నయ్య లేచి, మనకు పొలం లేదు కదా అని అడిగాడు. పల్లెలో ఎవరికీ లేదు, అందరూ ఊళ్లో రైతుల దగ్గర కూలికో పాలికో పోయేవాళ్లే. నాయనమ్మ కాసేపు ఆలోచించి, "అందుకే జాబితా అంత పొడుగు రాశాడురా. ఎవరికి ఏది ఉంటే అది చదువుకోండి" అంది.

ఏ యోగ్యతా చూడకుండానే అన్నచోట అందరికీ నాలుక మడతపడేది. "ఊరికే అనండి, చాలు" అనేది ఆమె. కృప అంటే ఏమిటి? ఊరికే వచ్చేది. పసిపిల్లకు బాప్తిస్మం ఎందుకు ఇస్తాం? ఊరికే వచ్చేదాన్ని తీసుకోవడానికి తెలివి అక్కరలేదు కనుక. ప్రభువు బల్ల దగ్గర ఏం ఇస్తారు? అదీ ఊరికే. ఊరక రారు మహాత్ములు అంటారు కదా, మా నాయనమ్మ వేదాంతంలో మహాత్ముడు ఊరికే వచ్చినవాడు.

చరిత్ర కూడా ఆమె ఇదే కొలబద్దతో చెప్పేది. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన ఫాదర్ హయ్యర్ కథ మాకు సొంత తాత కథలాగా తెలుసు. జర్మనీలో పుట్టి అమెరికాలో పాదిరి అయిన మనిషి. అప్పటి కలెక్టరు స్టోక్స్ దొర పిలిచి చోటు చూపించాడు. మధ్యలో వెనక్కి వెళ్లి, యాభై దాటాక వైద్యం చదివి పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చాడు. పల్నాడులో గురజాల దాకా తిరిగాడు. 1869లో, డెబ్బై ఐదు దాటిన వయసులో, రాజమండ్రి పని చెడిపోతోందని తెలిసి మూడోసారి ఓడ ఎక్కాడు. "ఆయనను ఎవరు రమ్మన్నారు? ఊరికే వచ్చాడు" అనేది నాయనమ్మ. అన్నా కుగ్లర్ గారి ప్రస్తావన వస్తే చేతులు జోడించేది. కుగ్లర్ డాక్టరమ్మ 1883లో వచ్చారు. ఆడమనిషిని వైద్యురాలిగా పంపడానికి అమెరికాలోని సంఘం వాళ్లకు మొదట మనసు రాక, బోధకూ బడులకూ అని పంపారట. ఈమె మందుల పెట్టె తెచ్చుకునే వచ్చింది. 1898లో గుంటూరు ఆసుపత్రి తెరుచుకుంది. 1930లో అక్కడే కన్నుమూశారు. నేను పుట్టింది ఆ ఆసుపత్రిలో. 1927 నుంచి అన్నీ కలిసి ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘం అయింది. ఆ సంగతి మాత్రం నాయనమ్మ ఒక్క ముక్కలో చెప్పి ఊరుకునేది. ఆమెకు మనుషుల మీద ఉన్న శ్రద్ధ కమిటీల మీద ఉండేది కాదు.

ఇక ఎనిమిది. మా ఇంట్లో ఎనిమిది అనేది అంకె కాదు, హెచ్చరిక. నీ పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదన్నది ఎనిమిదో ఆజ్ఞ. అబద్ధం చెప్పకపోవడం ఒక్కటే చాలదని, పొరుగువాడిని వెనకేసుకు రావాలని, అతని గురించి మంచి చెప్పాలని, అతను చేసిన ప్రతి పనికీ వీలైనంత మంచి అర్థమే తీయాలని లూథరు రాశాడు. పల్లెలో సాయంత్రం బావి దగ్గర ఈ ఆజ్ఞ ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ఎవరైనా ఎవరి గురించైనా గొంతు తగ్గించి మొదలుపెడితే నాయనమ్మ తల ఎత్తకుండానే "ఎనిమిది" అనేది. మాట అక్కడితో ఆగిపోయేది.

మా బాబాయికి ఒంగోలు వైపు నుంచి పెళ్లయింది. పిన్ని వాళ్లు బాప్టిస్టులు. 1878లో ఒక్క రోజున రెండు వేల మందికి పైగా నీళ్లలో మునిగి బాప్తిస్మం పొందిన చరిత్ర వాళ్లది, దాని గర్వం వాళ్లకు ఉంది. చిలకరించుకున్న వాళ్లకూ మునిగిన వాళ్లకూ మధ్య ఉన్న మేనరికపు సరసాలు కొన్నాళ్లు బాగానే నడిచాయి. ఇంతలో ఇంట్లో కంచు గ్లాసు ఒకటి కనిపించకుండా పోయింది. నాలుగు రోజుల తర్వాత పిన్ని పొరుగింటి కోడలి గురించి ఏదో చెప్పబోతే నాయనమ్మ మామూలుగా "ఎనిమిది!" అంది. పిన్ని ముఖం మాడిపోయింది. లోపలికి వెళ్లి పెట్టె సర్దుకుంది. మరునాడు పొద్దున బస్సుకు పుట్టింటికి ప్రయాణం.

సంగతి మా పాదిరి అయ్యగారి దాకా వెళ్లాక తేలింది. పది ఆజ్ఞలు అందరికీ పదే గానీ లెక్కపెట్టే తీరు వేరు. విగ్రహాల ఆజ్ఞను లూథరన్లు మొదటి దానిలోనే కలిపేసి, చివర ఆశింపకూడదు అన్నదాన్ని రెండు చేస్తారు. బాప్టిస్టులు విగ్రహాల ఆజ్ఞను విడిగా లెక్కపెడతారు. అందువల్ల మా ఎనిమిది వాళ్లకు తొమ్మిది. వాళ్ల ఎనిమిది? దొంగిలకూడదు. పిన్ని చెవికి పడింది అదీ! నాయనమ్మ ఆ వయసులో కోడలి చేతులు పట్టుకుని ఏడ్చింది. ఈ లెక్కలో ఆర్‌సీఎం వాళ్లది మా వరసేనని అప్పుడే తెలిసింది. వాళ్లతో మాకు నాలుగు వందల ఏళ్ల తగాదా ఉన్నా అంకెల్లో రాజీ ఉందన్నమాట. గ్లాసు గడ్డివాములో దొరికింది.

ఆర్‌సీఎం అంటే గుర్తొచ్చింది. నాయనమ్మ చెల్లెలు ఆర్‌సీఎం ఇంటికి కోడలై వెళ్లింది. ఆ పెళ్లికి ఇరువైపులా పెద్దలు వెళ్లలేదు. మనిషి నీతిమంతుడయ్యేది కృప చేతనా, క్రియల చేతనా అన్నది గొడవట. అక్కాచెల్లెళ్లు మాత్రం ఏడాదికోసారి ఇద్దరికీ మధ్య ఊళ్లో ఒక దూడల కొట్టం దగ్గర కలుసుకుని ఒకే కంచంలో అన్నం తిని వచ్చేవారు. ఆ కృప, క్రియల గొడవ మీద లూథరన్లూ కేథలిక్కులూ ఆగ్స్‌బర్గ్‌లో కూర్చుని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేసింది 1999 అక్టోబరు 31న. అప్పటికి వాళ్లిద్దరూ లేరు.

అక్టోబరు 31 మాకు పండుగ. 1517లో లూథరు విట్టెన్‌బర్గ్‌లో తొంభై ఐదు వాదాలు బయటపెట్టిన రోజు. అప్పటి సంఘం పాపక్షమాపణ పత్రాలు డబ్బుకు అమ్మినందుకే అవి రాశాడని నాయనమ్మ చెబితే మేం దాన్ని "పాపాలకు రసీదులు" అని అర్థం చేసుకున్నాం. ఇప్పటికీ అంతకంటే మంచి అనువాదం నాకు దొరకలేదు. మా గుడిలోనూ రసీదులు ఉండేవి, చందాలకు. ప్రతి ఇంటికీ సంఘం రిజిస్టరులో ఒక నంబరు. మాది 41. చందా బాకీ పడ్డ ఇళ్ల వాళ్లను ప్రభువు బల్లకు రానివ్వకూడదని ఒక ఏడాది సంఘపెద్ద ఒకాయన తీర్మానం పెట్టాడు. సరిగ్గా సంస్కరణ పండుగకు ముందు వారం. ఆడవాళ్ల వైపు నుంచి నాయనమ్మ లేచి, "అయ్యగారూ, దీనికి అర్థమేమి?" అని ఒక్క ప్రశ్న అడిగి కూర్చుంది. తీర్మానం వీగిపోయింది. బాకీలు మాత్రం వసూలు కాలేదు, అది వేరే కథ.

ఇదంతా చదివి మా గుడి స్వర్గానికి వసారా అనుకుంటారేమో. కాదు. మేం మాలలం. మా పల్లె పక్కనే మాదిగ గూడెం. అక్కడి నుంచి ఆరేడు కుటుంబాలు మా గుడికే వచ్చేవి. ఊళ్లో టీ కొట్టు దగ్గర మాకు వేరే గ్లాసు పెట్టారని రగిలిపోయే మా పెద్దలే, గుడిలో వాళ్లకు పడమటి గుమ్మం దగ్గర చాప వేయించేవారు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. రాసి ఉంటే కొట్టేయవచ్చు. ప్రభువు బల్లకు మోకరించే వేళ ముందు వరసల వాళ్లు లేచి వెళ్లి వచ్చాక, చివర వాళ్లు. పాత్ర ఒకటే. వరస రెండు. ఊరికే వచ్చే దానికి ఎవరు ముందన్న వరస ఎందుకని అప్పట్లో నాకు తోచలేదు. నాయనమ్మకైనా తోచిందో లేదో, ఆమె ఆ రోజుల్లో ముందు వరసలోనే కూర్చునేది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచేసిన రోజు. పదివేల మందికి పైగా పోయారు. మా ఊరు సముద్రానికి కాస్త దూరం కనుక ఉప్పెన నీళ్లు రాలేదు, గాలి వచ్చింది. నాకు తొమ్మిదేళ్లు. మధ్యాహ్నం నుంచే తాటిచెట్లు నేలను తాకి లేస్తున్నాయి. పల్లెలో గట్టి కప్పు ఉన్నది గుడి ఒక్కటే. చీకటి పడేసరికి పల్లె మొత్తం అందులో ఉంది, గూడెం మొత్తం ఉంది. చాపలు ఎవరివి ఎక్కడ అన్న ప్రశ్న లేదు, పరిచేందుకు చోటే లేదు. మేకలు కూడా లోపలే.

కాలవ కట్ట మీద గుడిసెలు వేసుకుని చేపలు పట్టుకునే యానాదుల కుటుంబాలు నాలుగు వచ్చి వసారాలో నిలబడ్డాయి. లోపలికి రాలేదు. ఒకామె చేతిలో పురిటి బిడ్డ. నాయనమ్మ లాంతరు పట్టుకుని వెళ్లి రమ్మంది. వాళ్లలో పెద్దాయన, "మేం మీ గుడి వాళ్లం కాదమ్మా" అన్నాడు. "వాన అడిగి కురుస్తోందా?" అంది నాయనమ్మ, విసుగ్గానే. లోపల కాలు పెట్టే సందు లేదు. మిగిలింది బలిపీఠం ముందు కటకటాల లోపలి జాగా. అయ్యగారు తప్ప ఎవరూ అడుగుపెట్టని చోటు. ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పబోయాడు. అయ్యగారు కటకటాల తలుపు తీసి, తన తెల్ల అంగీని మడిచి బిడ్డ కింద వేశారు.

ఆ రాత్రి గురించి ఎక్కువ రాయలేను. చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఎవరో కీర్తన ఎత్తుకుంటే రెండో చరణానికి గొంతులు గాలిలో కలిసిపోయాయి. తెల్లవారి తలుపులు తీస్తే వేపచెట్టు పడి ఉంది, గంట బురదలో కూరుకుపోయి ఉంది. ఆదివారం కదా అని మా బాబాయి దాన్ని బురదలోనే కర్రతో కొట్టాడు. డొల్ల శబ్దం వచ్చింది. అయ్యగారు ప్రసంగం చేయలేదు. స్త్రీల సమాజం వాళ్ల బియ్యం కుండ బయటికి తెప్పించారు. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి ఆదివారం తెచ్చి పోసే కుండ అది. ఆ బియ్యంతో గంజి కాచారు. అది ఎవరి ఇంటి పిడికెడో, తాగింది ఎవరి బిడ్డో చెప్పలేం. ఆ వారం ప్రభువు బల్ల లేదు గానీ, ఆ గంజి తాగిన వాళ్లెవరూ ఆ మాట అనలేదు.

నెల తిరక్కముందే చాపలు మళ్లీ పాత చోట్లకు వెళ్లిపోయాయి.

జనవరి చివర కోత పండుగ. మామూలుగా అయితే గుడి ఆ రోజు కళ్లంలా ఉంటుంది. వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, కందులు, బెల్లం. ఆరాధన అయ్యాక వసారాలో వేలం, ఆ డబ్బు సంఘానికి. ఆ ఏడు కోతే లేదు. తడిసి మొలకెత్తిన ధాన్యం చేటల్లో తెచ్చారు. ఒకావిడ సహాయంగా వచ్చిన రెండు దుప్పట్లలో ఒకటి మడత విప్పకుండా తెచ్చి పెట్టింది. అప్పుడు యానాది పెద్దాయన గుమ్మం దగ్గర కనిపించాడు, తలమీద తాటాకు బుట్టతో. బుట్ట నిండా పీతలు. బతికున్నవి.

కార్యదర్శి పుస్తకం తెరిచి, "నంబరెంత?" అని అడిగాడు. నంబరు లేదన్నాడు ఆయన. సభ్యులు కాని వాళ్ల దగ్గర కోత కానుక ఎలా రాయాలన్నది కార్యదర్శి ఇబ్బంది. ఇంతలో వాక్యం బాగా తెలిసిన ఒక పెద్ద ముందుకు వచ్చి, రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవులు హేయమని లేవీయకాండంలో ఉంది కదా, బలిపీఠం మీద ఎలా పెడతామని అడిగాడు. అయ్యగారు, "పులుసులో చూసినప్పుడు తమరికి లేవీయకాండం గుర్తుకు రాగా నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. గుడి మొత్తం నవ్వింది, ఆ పెద్ద కూడా. అయ్యగారు బుట్ట అందుకుని దుప్పటి పక్కన పెట్టారు.

ప్రసంగం సగంలో కట్టు ఒకటి వదులైంది. మొదటి పీత బలిపీఠం మెట్టు దిగడం నేనే చూశాను. తర్వాత రెండు, ఆపైన లెక్క లేదు. అడ్డంగా నడుస్తూ కటకటాల కిందనుంచి మగవాళ్ల వైపు రెండు, ఆడవాళ్ల వైపు నాలుగు. ముందు వరసలోని పెద్దమనుషులు పంచెలు ఎత్తి పట్టుకుని లేచి గోడకు చేరారు. పడమటి గుమ్మం దగ్గర కూర్చున్న గూడెం పిల్లలే పరుగెత్తుకుంటూ వచ్చి, వెనక నుంచి డిప్ప పట్టుకుని ఒక్కొక్కటే బుట్టలో వేశారు. వాళ్లు అంత ముందుకు రావడం అదే మొదటిసారి. ఎవరూ వద్దనలేదు, ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు. సకల ప్రాణులు యెహోవాను స్తుతించాలన్న చివరి కీర్తన వచనం చదివి అయ్యగారు ఆమెన్ అనేశారు.

ఆ ఈస్టరుకు ప్రభువు బల్ల వేళ ఆయన పాత్ర పట్టుకుని, ఈసారి పడమటి గుమ్మం వైపు నుంచి రండి అన్నారు. సున్నం కొట్టిన గోడల మధ్య ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ముగ్గురు పెద్దలు మూడు నెలలు గుడికి రాలేదు. ఇద్దరు తిరిగి వచ్చారు, ఒకాయన రాలేదు. నాయనమ్మ తర్వాతి ఆదివారం తన చాపను పడమటి గుమ్మం దగ్గరికి మార్చుకుంది. ఎందుకని అడిగితే మోకాళ్ల నొప్పులకు అక్కడ గాలి బాగుందని చెప్పింది. మోకాళ్లకూ గాలికీ సంబంధం ఏమిటని నేను అడగలేదు.

యానాది కుటుంబాలు బాప్తిస్మం తీసుకోలేదు. తీసుకున్నాయని రాస్తే ఈ కథ నిండుగా ఉండేది. పెద్దాయన మాత్రం బతికున్నన్నాళ్లూ కోత పండుగకు వచ్చి వసారాలో కూర్చునేవాడు. కట్టు గట్టిగా వేసి తెచ్చేవాడు.

ఎనిమిదో ఆజ్ఞ మమ్మల్ని ఇరుకున పెట్టిన చోటు ఇంకొకటి ఉంది. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన వాడు షెడ్యూల్డు కులం లెక్కలోకి రాడు. ఊళ్లో పీట మీద నీళ్లు చల్లే వాళ్లకు ఆ ఉత్తర్వు తెలియదు, దరఖాస్తు తీసుకునే గుమాస్తాకు తెలుసు. అందుకని పల్లెలో చాలామందికి గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో మరో పేరు. మా అన్నయ్యకూ అంతే. ఇది అబద్ధ సాక్ష్యమేనా అని అన్నయ్య ఒకరోజు నాయనమ్మను సూటిగా అడిగాడు. అన్నిటికీ అర్థం అడిగే మనిషి ఆ పూట వత్తులు చేసుకుంటూ కూర్చుండిపోయింది. అయ్యగారు మాత్రం ప్రభువు బల్ల దగ్గర ఎవరినీ ఏ రిజిస్టరులో పేరేమిటని అడగలేదు.

గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీలో చదివే రోజుల్లో గ్రంథాలయంలో ఒక పాత పుస్తకం నా కాళ్ల కింద నేల కదిలించింది. లూథరు 1543లో యూదుల మీద రాసిన రాతల గురించి అందులో ఉంది. వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టమని, ఇళ్లు పడగొట్టమని. పొరుగువాడికి మంచి అర్థం తీయమని పిల్లలకు నేర్పిన మనిషే! తర్వాతి కాలంలో లూథరన్ సంఘాలు ఆ రాతలను బహిరంగంగా ఖండించాయని తెలిసింది గానీ, ఆ రోజున నాకు ఏడుపొక్కటే తక్కువ. సెలవులకు వెళ్లి నాయనమ్మ ముందు కుమ్మరించాను. చాలాసేపు మాట్లాడలేదు. "నిజంగా రాశాడా?" అని రెండుసార్లు అడిగింది. చివరికి, "అయితే ఆయనకూ ఊరికే కావలసిందేనే" అంది. 1546లో లూథరు చనిపోయాక ఆయన దగ్గర దొరికిన చీటీలో మనం బిచ్చగాళ్లం, అది నిజం అని రాసి ఉందట. అది నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను.

2018 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి పెన్సిల్వేనియా వెళ్లాను. వాళ్ల వీధి చివర లూథరన్ గుడి. బయట బోర్డు మీద అందరికీ స్వాగతం అని పెద్ద అక్షరాలు. లోపల మేం నమ్మేది అంటూ ఒక కాగితం చేతికిచ్చారు. ఏ జాతివారైనా, ఏ వయసువారైనా, ఎవరిని ప్రేమించేవారైనా ఈ బల్ల మీ అందరిదీ అని అందులో ఉంది. అక్కడి పెద్ద లూథరన్ సంఘం స్వలింగ బంధంలో ఉన్నవారిని పాదిరి పనికి ఒప్పుకున్నది 2009లో. ఆ గుడి పాస్టరమ్మ తన భార్యను నాకు పరిచయం చేసింది. మా వాళ్లలో చాలామందికి ఇది మింగుడుపడదు. నాకూ వెంటనే పడలేదు, రొట్టె కోసం చేయి చాపే ముందు ఒక క్షణం తటపటాయించాను. చాపాను. నాయనమ్మ ఉంటే ఏమనేదో ఊహించి చెప్పను. పోయినవాళ్ల చేత మనకు నచ్చిన మాటలు పలికించడం కూడా ఎనిమిది కిందికే వస్తుంది.

కాఫీ తాగుతుంటే పక్కన కూర్చున్న తొంభై ఏళ్ల ముసలావిడ ఎక్కడినుంచి వచ్చావని అడిగింది. ఇండియాలో గుంటూరు అని చెబితే మామూలుగా ఎవరికీ తెలియదు. ఆమె "గుంటూరా!" అంది. ఆమె తల్లి వాళ్ల స్త్రీల సమాజం పాత దుప్పట్లు చింపి, చుట్టలు చుట్టి గుంటూరు ఆసుపత్రికి కట్టుగుడ్డలుగా పంపేదట. తను చిన్నప్పుడు వాళ్ల పక్కన కూర్చుని చుట్టలు చుట్టిందట. నేను పుట్టింది అక్కడేనని చెప్పాను. ఇద్దరికీ ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియలేదు. నా కప్పులో ఇంకొంచెం కాఫీ పోసింది.

పోయిన సంక్రాంతికి పల్లెకు వెళ్లాను. పాత గుడి లేదు. పాలరాతి నేల, ప్లాస్టిక్ కుర్చీలు, మైకులు. పడమటి వైపు గుమ్మమే లేదు. పాత రిజిస్టర్లు కొన్ని కార్యదర్శి ఇంట్లో ఇనుప పెట్టెలో ఉన్నాయంటే అడిగి చూశాను. 1978 కోత పండుగ లెక్క దొరికింది. చెదలు అంచులు తిన్నాయి గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. తడి ధాన్యం, చేటలు ఏడు. కోళ్లు రెండు. దుప్పటి ఒకటి. పీతలు, బుట్ట ఒకటి, వేలంలో మూడు రూపాయల పావలా. ఇచ్చినవారి నంబరు ఉండవలసిన గడిలో నల్ల సిరాతో ఒక అడ్డగీత. ఆ గీత మీద తర్వాత ఎవరో ఎర్ర సిరాతో 41 అని వేశారు. నాలుగు అంకె తోక పొడుగ్గా కిందికి లాగి ఉంది, పలక మీద నాకు దిద్దబెట్టినట్టే.